పడవకో ఫోన్

మా రేవులో పడవకో ఫోన్ ఇచ్చారు. ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చేదాన్ని నేనెప్పుడూ అనుమానంగానే చూస్తాను, కానీ ఇది మంచి ఫోనే. కొత్తగా వేసిన టవరు సిగ్నల్ మావాళ్లు వేటకు వెళ్లేంత దూరమూ అందుతుందట. గాలివాన వచ్చేముందు ఫోన్ మోగుతుంది. మెసేజ్ చూసి పడవ వెనక్కి తిప్పుకోవాలి. అంతే పని.

ఆ పని నేర్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఊరంతా పంతులమ్మ అని పిలిచేవాళ్లం. మంచి పిల్లే పాపం. కాకపోతే ఆమె వచ్చేది మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు మగవాళ్లు వేట నుంచి వచ్చి ఒళ్లు తెలియకుండా పడి నిద్రపోతుంటారు. అందుకని పాఠమంతా విన్నది ఆడవాళ్లమే. చివర్లో ఆమె ఒక మాట గట్టిగా చెప్పింది. "ఉప్పునీళ్లు మాత్రం తగలనివ్వకండి. పాడైతే ఇంకోటి ఇవ్వరు."

ఆ ఒక్క మాటను మా ఊరు తూచా తప్పకుండా పాటించింది. పడవలో ఉప్పునీళ్లు తగలని చోటు ఎక్కడుంది? ఫోన్లన్నీ ఇళ్లలోనే ఉండిపోయాయి. ఇక మా ఆయన సంగతి చెప్పక్కర్లేదు. చేతిలో ఏదీ నిలవదు. కత్తి, టార్చిలైటు, ఒకసారి అన్నం గిన్నె, అన్నీ సముద్రానికి సమర్పించుకున్న మనిషి. ఫోన్ తీసుకెళ్లమని రోజూ పోరేదాన్ని.

"నీళ్లలో పడితే నువ్వు కొనిస్తావా?" అనేవాడు.

పంతులమ్మకూ చెప్పాను. నీళ్లు దూరని సంచులు కావాలని పైకి రాశానంది. ఆ పై ఎక్కడుందో, అక్కడ చదివేవాళ్లు ఉన్నారో లేరో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున చీకటితోనే పడవలు వెళ్లిపోయాయి. ఎండెక్కాక వాకిట్లో కూర్చుని వల బాగుచేస్తుంటే ఇంట్లో ఫోన్ మోగింది. పక్కింట్లోనూ మోగింది. వీధి వీధంతా ఒక్కసారే మోగింది. పెద్ద గాలి వస్తోంది, వెంటనే ఒడ్డుకు రండి, ఈ సంగతి అందితే ఒకటి నొక్కండి, అని ఉంది. నేర్పినట్టే ఒకటి నొక్కాను. అందరూ నొక్కారు. మేమంతా ఒడ్డునే ఉన్నాం.

నొక్కిన తర్వాత బుర్ర పనిచేసింది. ఈ ఫోన్లు ఇచ్చిన ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎవరో పెద్దమనిషి ఎత్తాడు.

"మీ రేవు మొత్తం అందిందని వచ్చిందమ్మా. మీ పడవలు తిరిగొస్తున్నాయి, కంగారుపడకండి."

"అందింది మాకండీ, వాళ్లకి కాదు. ఫోన్లన్నీ ఇళ్లలోనే ఉన్నాయి."

"పడవలో కదమ్మా ఉండాలి?"

"ఉండాలండీ. మీ రక్షణ పడవను పంపండి, మీకు పుణ్యముంటుంది."

"ఉన్నది ఒక్కటేనమ్మా. పక్క రేవుకు పంపేశాం. అక్కడ ఎవరూ ఒకటి నొక్కలేదు. అది వెనక్కి రాగానే మీ వైపు పంపిస్తాను."

నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. ఎవర్ని తిట్టను? నొక్కినదాన్ని వెనక్కి తీసుకోవడానికి ఏం నొక్కాలో ఆయనకూ తెలియదు.

అందరం రేవుకు పరుగెత్తాం. అప్పటికే ఇసుక లేచి మొహాన కొడుతోంది. సముద్రం మీద ఒక్క పడవా కనిపించలేదు. పనికొచ్చే ఫోన్లు పట్టుకుని, పనికిరాని మనుషుల్లా నిలబడ్డాం. నాకు భయం కంటే ముందు ఒళ్లు మండింది.

మా అత్తయ్య నా చెయ్యి పట్టుకుని లాగింది. "వాడికీ ఫోన్ ఇచ్చారు కదే. వాడికి చెయ్యి."

"అది ఇదే అత్తయ్యా. ఇంట్లో వదిలేసి వెళ్లాడు."

"వాడికి చెయ్యమంటుంటే!"

ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. పక్కింటి వదిన చూడలేక తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "చెయ్యి వదినా, ఆవిడ మనసు కుదుటపడుతుంది."

మా ఆయన నంబరు నొక్కాను. నా నడుము దగ్గర దోపుకున్న ఫోన్ మోగింది.

అత్తయ్య మొహం వెలిగిపోయింది. "తియ్యవే, వాడే," అంది.

తీశాను. రెండు ఫోన్లూ రెండు చెవులకు పెట్టుకున్నాను. రెండింట్లోనూ మా రేవు గాలే వినిపించింది.