దూదక్క మోకాళ్ళు

ప్రసూతి నర్సుల బడిలో పొద్దున్నే మొదటి పని దూదక్కకి దుప్పటి మార్చడం. దూదక్క అంటే గుడ్డతో కుట్టి దూది కూరిన నిండు గర్భిణి బొమ్మ. బల్లమీద వెల్లకిలా పడుకుని, కడుపులో ఉన్న ఒకే ఒక్క గుడ్డ పాపాయిని ఏళ్ళ తరబడి కంటూనే ఉంది. ఆ బడిలో అందరూ పురుడు పోయడం నేర్చుకున్నది ఆమె దగ్గరే. ఎవరి పద్ధతైనా నచ్చలేదో, మోకాళ్ళు దగ్గరికి బిగించేసేది. ఇక ఎంత లాగినా ససేమిరా. "ఇవాళ అక్కకి మనసు బాలేదు" అని టీచరమ్మ తర్వాతి అమ్మాయిని పిలిచేవారు. అందులో వింతేముంది?

వింతల్లా గడగడ సంగతే. పాఠాలు గడగడా అప్పజెబుతుందని ఆ పిల్లకి ఆ పేరు పెట్టారు. రాత పరీక్షలో ఆమెని కొట్టేవాళ్ళు లేరు. చేతి పరీక్షలో మాత్రం దూదక్క రెండుసార్లు మోకాళ్ళు బిగించింది. మూడోసారీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే. తమ్ముడు పుడుతున్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్న నాటినుంచీ గడగడకి ఈ పని తప్ప ఇంకో పని మీద ధ్యాస లేదు.

"అక్క నామీద పగబట్టిందండీ" అని టీచరమ్మ దగ్గర ఏడ్చింది.

"పగా లేదు, పాడూ లేదు. నా పరిశోధనకి మనిషి కావాలి, రా."

కాన్పు గురించి తల్లులకి ఏం గుర్తుంటుందన్నది ఆ ఏడు టీచరమ్మ పరిశోధన. గడగడ వార్డులో మంచం మంచానికీ తిరిగి అడిగింది. నొప్పుల గురించి చెబుతారనుకుంది. ఒకావిడ కళ్ళలో పడ్డ లైటు గురించి చెప్పింది. ఇంకొకావిడ ఎవరో తల నిమిరారంది. కిటికీ పక్క బాలింత బిడ్డని భుజానేసుకుని నవ్వేసింది.

"నర్సమ్మ మంచిదేనమ్మా. కానీ చేసేదంతా కుర్చీలో ఉన్న డాక్టరమ్మకే చెప్పింది. కడుపు నాది కదా, నాకో ముక్క చెబితే ఏం పోయింది?"

గడగడ ఆ మాట కాగితం మీద రాసుకుంది. తనూ అంతే. "ఇప్పుడు చెయ్యి ఆనిస్తున్నానండీ, ఇప్పుడు తల వస్తోందండీ" అని పరీక్ష పెట్టేవారి వైపు తిరిగి అప్పజెప్పడమే బడిలో నేర్పిన పద్ధతి. దూదక్క కళ్ళు ఏ రంగు దారంతో కుట్టారో కూడా తనకి తెలీదు. ఆ పిల్లకి నిజంగా సిగ్గేసింది.

పరీక్ష రోజు పరీక్షాధికారిణి, కళ్ళజోడు మీంచి చూసే పెద్దావిడ, కుర్చీలో సర్దుకున్నారు. "ఊఁ, కానీ" అన్నారు.

గడగడ చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. ఆవిడకి వీపు తిప్పేసి దూదక్క తలదగ్గరికి వెళ్ళింది. కళ్ళు గోధుమరంగు దారంతో కుట్టి ఉన్నాయి.

"అక్కా, నేనే. రెండుసార్లు అడక్కుండా చెయ్యి వేశాను. తప్పే. ఇప్పుడు వెయ్యనా?"

"ఎవరితోనమ్మా మాటలు? నాకు చెప్పు!" అన్నారు పెద్దావిడ.

"ఒక్క నిమిషం ఆగండి. అక్క ఇంకా సరేననలేదు."

తలుపు దగ్గర నిలబడ్డ టీచరమ్మ ఒక అడుగు ముందుకేశారు. అప్పుడే దూదక్క మోకాళ్ళు మెల్లగా వదులయ్యాయి.

"ఊపిరి తీసుకో అక్కా... ఇంకాస్త... ఇదిగో, వచ్చేసింది!"

పాపాయిని పరీక్షాధికారిణికి చూపించాలన్నది పద్ధతి. గడగడ ఆ సంగతే మర్చిపోయి దూదక్క గుండెలమీద పెట్టింది. దూదక్క రెండు చేతులూ ఎత్తి పాపాయిని పొదువుకుంది.

తర్వాతి అమ్మాయి పరీక్షకి పాపాయిని మళ్ళీ కడుపులో పెట్టాలి. టీచరమ్మ వచ్చి లాగి చూశారు. దూదక్క వదల్లేదు.

"పోనీండి. ఇన్నేళ్ళూ కంటూనే ఉంది, ఒక్కసారైనా చేతికిచ్చామా?" అని పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మిగతావాళ్ళకి రేపు పెడదాం."

"మరి నా ఫలితం అండీ?"

"ముందు బాలింతకి దుప్పటి కప్పు నర్సమ్మా!"

ఆ పిల్లని నర్సమ్మా అని పిలవడం అదే మొదలు. దుప్పటి కప్పే పద్ధతి నిద్రలో లేపి అడిగినా చెప్పగల గడగడ, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ దాన్ని అడ్డంగా కప్పింది. దూదక్క పాదాలు బయటే ఉండిపోయాయి. ఆవిడేం పట్టించుకోలేదు, పాపాయిని చూసుకుంటోంది.