ఎస్తేరమ్మ బియ్యం

మా చర్చి పాస్టరు స్టీవెన్ అయ్యగారికి దేశమంటే మహా ఇష్టం. ఆదివారం ఆరాధనలో అందరి జబ్బులూ, అందరి పరీక్షలూ అయిపోయాక, చివర్లో కళ్ళు గట్టిగా మూసుకుని దేశం కోసం ప్రార్థన మొదలుపెడతారు. పాలకుల కోసం, సరిహద్దుల్లో కాపలా కాసే సైనికుల కోసం, పంటల కోసం, ఈ దేశంలో ఏ ఒక్కరూ ఆకలితో పడుకోకూడదని. ఈలోపు ఇంట్లో పొయ్యి మీద పెట్టొచ్చిన పప్పు మాడి బొగ్గయిపోతుంది. ఒకసారి ఉండబట్టలేక, "అయ్యగారూ, మన పేటకి మంచినీళ్ళ కుళాయే రాలా. ముందు దాని సంగతి అడగండి, దేశానికి అడిగేవాళ్ళు చానామంది ఉన్నారు" అని మొహం మీదే అనేశాను. ఆయన నవ్వి, "రెండూ అడుగుదాం ప్రేమకుమారమ్మా" అన్నారు. అలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

మా పేట జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే హైవే పక్కన, కాస్త మెరక మీద ఉంటుంది. మగవాళ్ళలో కొందరు ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగుకి పోతారు. మా ఆయన సతీష్‌బాబు ఆటో తోలతాడు. ఆడవాళ్ళం మిరప కోతలకీ పత్తి తీతలకీ పోతాం. కూలీల ముఠాకి మేస్త్రిని నేనే, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దనూ నేనే. నోరున్నదాన్ని కాబట్టి రెండూ నాకే తగిలించారు.

సమాజం చేసే పనల్లా గుప్పెడు బియ్యం పోగుచెయ్యడం. ఏ ఇంట్లో ఎసరు పెట్టినా, కడగబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి డబ్బాలో వెయ్యాలి. శనివారం డబ్బాలన్నీ చర్చికి తెచ్చి మూటలకు ఎత్తుతాం. సన్నాలు, లావు బియ్యం, కోటా బియ్యం అన్నీ కలిసిపోయి ఉంటాయి. వండితే ఒక మెతుకు ఉడుకుతుంది, ఒకటి పలుకుగా ఉంటుంది. వానాకాలంలో పనుల్లేనప్పుడు ఆ మూటలు విప్పి లేని ఇళ్ళకు కొలుస్తాం.

ఇవ్వడానికి గుప్పెడు కూడా లేని ఇల్లు మా పేటలో ఒక్కటే, ఎస్తేరమ్మ పెద్దమ్మది. మొగుడు పోయాడు, పిల్లలు కలగలేదు. మిరపకాయలు కోసీ కోసీ వేళ్ళు అరిగిపోయి రేషన్ మిషను మీద ముద్ర పడదు. కోటా బియ్యం ఒక నెల వస్తే రెండు నెలలు రావు. అందుకని ఆమె కోసం ఒక మూట వేరే కట్టి చర్చిలో బల్ల కింద పెట్టాం. క్రిస్మస్ దాకా ఆమె తిండి అదే. "దాని మీద ఎవరి చెయ్యీ పడకుండా చూసే పూచీ నాది పెద్దమ్మా" అని నలుగురిలో చెప్పింది కూడా నేనే.

ఈ వానాకాలంలో ఒక వారం వాన పట్టుకుంటే వదల్లేదు. ఆదివారం పొద్దుటికి మున్నేరు పొంగి, నందిగామ అవతల హైవే మీదకి ఎక్కేసింది. హైదరాబాదు వైపు నుంచి వచ్చే బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయి, ఆ వరస మా పేట దాకా వచ్చింది. ఆరాధనలో కూర్చుని కిటికీలోంచి చూస్తే నాగపూర్ లారీ, కటక్ లారీ, తమిళ లారీ, రాజస్థాన్ లారీ. మధ్యలో రెండు బస్సులు. చంటిపిల్లల ఏడుపు వానలో కూడా వినపడుతోంది. అయ్యగారు అప్పుడే కళ్ళు మూసుకుని దేశం దగ్గరికి వచ్చారు. నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు ఝల్లుమంది.

"అయ్యగారూ, కళ్ళు తెరవండి!" అని లేచి అరిచాను. "మీరడిగే దేశం బయట వానలో నిలబడి ఉంది. దానికి ఆకలేస్తంది."

ప్రార్థన మధ్యలో లేచి అరిచిన ఆడది మా చర్చిలో అంతకుముందు లేదు. అయ్యగారు కళ్ళు తెరిచి, కిటికీ వైపు చూసి, ఆమేన్ కూడా చెప్పకుండా చొక్కా చేతులు పైకి మడిచారు.

చాపలు చుట్టేశాం. బయట కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి కాబట్టి, క్రిస్మస్ పందిరికని దాచిన వెదుళ్ళు నరికి పొయ్యిలో పెట్టాం. సమాజం గుండిగ ఎక్కింది. అన్నం, పప్పుచారు, ఇంటింటి నుంచీ గోంగూర పచ్చడి. బొట్టు పెట్టుకున్నవాళ్ళు వచ్చారు, టోపీ పెట్టుకున్నవాళ్ళు వచ్చారు, తలపాగా చుట్టుకున్నాయన వచ్చాడు. బస్సులోంచి దిగిన ఒక పెద్దావిడ గుమ్మంలో నిలబడి, "మీరేవిట్లమ్మా?" అని కులం అడగబోయింది. మనవరాలు అప్పటికే లోపల కూర్చుని ముద్ద నోట్లో పెట్టేసుకుంది. ఆవిడ ఆ ప్రశ్న మింగేసి, వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. "పప్పు ఇంకాస్త వెయ్యమంటారా అండీ?" అని అడిగాను. నేనేం తక్కువ తిన్నానా, ఆవిడకి నెయ్యి లేదన్న లోటు తప్ప ఇంకేం తెలియనివ్వలేదు.

సోమవారానికీ నీళ్ళు తగ్గలేదు. మా మూటలన్నీ ఊడ్చుకుపోయాయి. ఇళ్ళలో ఉన్నవి కూడా తెచ్చి పోసి, మేం గంజి తాగి సరిపెట్టుకున్నాం. బల్ల కింద ఎస్తేరమ్మ పెద్దమ్మ మూట ఒక్కటే మిగిలింది. ఆవిడ అంతకుముందే చెల్లెల్ని చూడ్డానికి జి.కొండూరు వెళ్ళి, దారులు తెగిపోయి అక్కడే ఇరుక్కుంది. అడుగుదామంటే చెల్లెలి ఫోను మోగదు.

అప్పుడొచ్చాడు ప్రఫుల్ల. బరంపురం వాడు, ముందురోజు నుంచీ మా దగ్గరే తింటున్న లారీ డ్రైవరు. తెలుగు వచ్చీ రానట్టు మాట్లాడతాడు.

"అమ్మా, నా బండిలో మొత్తం బియ్యం. మిర్యాలగూడ మిల్లు నుంచి కాకినాడ పోర్టుకి. నాలుగు బస్తా దించుకో. వానకి తడిసి పోయింది అని చెప్తా."

చర్చిలో ఒక్కసారిగా అందరూ నోళ్ళు తెరిచారు. మా ఆయన ఊరుకుంటాడా!

"చూశావటే! ఆహారం పంపు ప్రభువా అని అయ్యగారు రాత్రంతా ప్రార్థించారు. ఆయన లారీకి లారీనే పంపాడు. నిన్నట్నుంచీ గుమ్మం ముందే ఉంది, మనకే కనపడలా! ఇంకా వద్దంటే పాపం తగులుద్ది" అన్నాడు.

"స్తోత్రం, స్తోత్రం" అన్నారు మావాళ్ళు. ఎవరో పాట కూడా ఎత్తుకున్నారు. ఎప్పుడూ ఇంతే మేం. తలుపు చప్పుడైతే చాలు, దేవుడే వచ్చాడని లేచి నిలబడతాం. అయ్యగారి మొహం కూడా వెలిగిపోయింది. వచ్చే ఆదివారం దేవుడి మేలని చెప్పబోయే సాక్ష్యం అప్పుడే ఆయన కళ్ళలో కనపడింది.

"పాట ఆపండర్రా!" అన్నాను. "ఏమయ్యా, దేవుడు పంపాడా, ఇతను దించుతానన్నాడా? ప్రార్థనకి జవాబు వేరు, పోర్టుకి పోయే లోడు వేరు. తడిసిందని ఇతను అబద్ధం చెప్పాలి, ఆ అబద్ధం మనం వండుకుని తినాలి. పైగా దాన్ని తీసుకెళ్ళి దేవుడి నెత్తిన పెట్టాలి. మీరు చెప్పండి అయ్యగారూ, నాది తప్పయితే నోరు మూసుకుంటా."

అయ్యగారు తల దించుకుని, "నీదే కరెక్టమ్మా. నాకూ ఆశ పుట్టింది" అన్నారు.

నేను ప్రఫుల్ల వైపు తిరిగి, "బాబూ, బస్తాలు తక్కువైతే మీ ఓనరు ఏం చేస్తాడు?" అని అడిగాను.

"జీతం కోస్తాడు అమ్మా. పర్వాలేదు."

"నీకు పర్వాలేదేమో. నాకుంది. కూర్చో, అన్నం వండుతున్నా."

"ఏం పెట్టి వండుతావే?" అన్నాడు మా ఆయన.

నేను బల్ల కిందకి చూశాను. అందరూ నేను చూసిన చోటికే చూశారు. పెద్దమ్మ వద్దంటుందని కాదు నా భయం. ఆమె జన్మలో దేనికీ వద్దన్న మనిషి కాదు. అలాంటిదాని తిండి, అడక్కుండా, పూచీ పడ్డ నేనే విప్పడం ఎలా? కానీ బస్సులోని పసిపిల్లలు పొద్దుట్నుంచీ బిస్కెట్లతో ఉన్నారు. "ప్రభువా, ఆమెకి సమాధానం నేనే చెప్పుకుంటా" అనుకుని మూట ముడి విప్పాను. ఏడుపు వచ్చింది. పొగ అని చెప్పాను.

ఆ పూట ప్రఫుల్ల తినడం చూస్తూ నిలబడ్డాను. లారీ నిండా బియ్యం వేసుకొచ్చినవాడు, మా చాప మీద కూర్చుని మా గుప్పెళ్ళ అన్నం తింటున్నాడు. ఒక మెతుకు ఉడికింది, ఒకటి ఉడకలేదు. అయినా మారు అడిగి వేయించుకున్నాడు. గర్వం పాపమని అయ్యగారు చెబుతారు. చెప్పనీండి. ఆ పూట నాకు గర్వంగానే ఉంది. మా తాతల కాలం నుంచీ ఒకరు పెడితే తిన్న పేట మాది. ఇప్పుడు మేం పెడుతుంటే నాగపూరూ కటకూ వరసగా కూర్చుని తింటున్నాయి.

మంగళవారం నీళ్ళు తీశాయి. బండ్లు కదిలాయి. ప్రఫుల్ల మా చర్చి గడపకి దణ్ణం పెట్టి, హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. వాళ్ళందరూ వెళ్ళాక గుండిగ తోముతూ కూర్చున్నాను. ఇక పెద్దమ్మ వస్తుందనుకుంటూ తోమిన గుండిగనే మళ్ళీ తోమాను.

మర్నాడు వచ్చింది. చంకలో సంచి, కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద. ఇంటికి కూడా పోకుండా చర్చి ముందు అరుగు మీద కూలబడింది. నేను వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

"పెద్దమ్మా, నీ మూట విప్పేశా. మొత్తం వండేశా. ఒక్క గింజ లేదు. పూచీ పడ్డది నేనే, విప్పింది నేనే. తిట్టాలంటే నన్ను తిట్టు."

ఆమె తిట్టలేదు. నా మొహం వంకే చూసింది. ఆ చూపు కంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

"ఎవరు తిన్నారే?" అంది.

"రోడ్డు మీద ఆగిపోయినోళ్ళు. లారీలోళ్ళు, బస్సులోళ్ళు."

"ఏ ఊళ్ళోళ్ళు?"

చెప్పాను. నాగపూర్, కటక్, బరంపురం, రాజస్థాన్, మద్రాసు వైపు. ఒక్కో పేరుకీ తల ఊపింది. ఆ ఊళ్ళు ఏ దిక్కున ఉంటాయో ఆమెకి తెలియదు, నాకూ తెలియదు.

"చాలినయ్యా?"

"చాలినయ్. అందరూ మారు వేయించుకున్నారు."

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్న కొద్దీ నీళ్ళు వస్తున్నాయి. "ఇన్నేళ్ళొచ్చినయ్ నాకు. ఒక్కడికి కూడా కడుపునిండా పెట్టలా నేను. పెట్టడానికి ఏముంది నా కాడ? చర్చికి వస్తే కూడా ఎనక్కి కూర్చునేదాన్ని, తినేదాన్నే గాని తెచ్చేదాన్ని కాదని" అంది.

"ఇప్పుడు నువ్వేం తింటావు పెద్దమ్మా? అది చెప్పు ముందు. మేం మళ్ళీ గుప్పెళ్ళు పోగుచేస్తాం గాని, దానికి టైము పడుద్ది."

"గుప్పెళ్ళు నాకొద్దు. రోజుకొక ఇంటికి వస్తా. పీట వేసి కంచంలో పెట్టండి. పెట్టినదాన్ని, దర్జాగా కూర్చుని తింటా" అంది. ఆమె నోట అంత గట్టి మాట నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే స్కూటరు మీద వెంకటరత్నం గారు వచ్చి ఆగారు. పెద్దమ్మ ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ కూలి చేసింది ఆయన మిరప చేలలోనే. ఆయన్ని చూస్తే ఆమె ఎప్పుడూ కొంగు సర్దుకుని పక్కకి తప్పుకునేది.

"ఏమే ఎస్తేరూ, మీ పేటోళ్ళు రోడ్డు మీదోళ్ళందరికీ అన్నాలు పెట్టారంటగా? జగ్గయ్యపేటలో కూడా చెప్పుకుంటన్నారు. అంత బియ్యం ఎక్కడివే, చర్చివా?" అన్నారు.

పెద్దమ్మ అరుగు మీద చెయ్యి ఆనించి లేచింది. పక్కకి తప్పుకోలేదు. బురద కాళ్ళతోనే ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాదండీ," అంది. "నాయి."