సోమవారం మూసి ఉన్న ఊరు

దారాలమ్మ ఇంటికి సముద్రం దాటి ఒక పిల్ల వచ్చింది. దారాలమ్మ అంటే సిటీ బస్సు డ్రైవరు భార్య. ముప్ఫై ఏళ్లుగా బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. ఎక్కడికి వెళ్లినా భుజం మీద ఒక నీలం దారమో, మోచేతి దగ్గర ఒక తెల్లదారమో అంటుకునే ఉంటుంది. అసలు పేరు ఏమిటో వీధిలో సగం మందికి తెలియదు.

విదేశం నుంచి ఇరవై మంది విద్యార్థులు వస్తున్నారని, మన భాష చదువుకున్న పిల్లలేనని, పది రోజులు ఇంట్లో పెట్టుకునే వాళ్లు కావాలని బడివాళ్లు వీధివాళ్లందరినీ పిలిచి అడిగారు. అందరూ పక్కవాళ్ల మొహాలు చూస్తుంటే దారాలమ్మ చెయ్యి ముందు లేచింది. మొగుణ్ణి అడగలేదన్న సంగతి చెయ్యి దించాక గుర్తొచ్చింది. వాళ్లకు పిల్లల్లేరు. ఆ మాట ఆయన ఎత్తడు, ఆవిడా ఎత్తదు. ఆయన విని, "మంచం కోళ్లు బిగించాలి మరి," అన్నాడు, అంతే.

పిల్లకి పదహారేళ్లు. తాటిచెట్టంత పొడుగు. మాట్లాడితే పుస్తకం తెరిచి చదివినట్టే ఉంటుంది. నీళ్లిచ్చినా "కృతజ్ఞతలు పిన్నిగారూ", తువ్వాలిచ్చినా "కృతజ్ఞతలు పిన్నిగారూ". పళ్లెంలో పెట్టింది పిచ్చుక కొరికినట్టు కొరికి వదిలేస్తుంది. నాలుగు రోజులైనా మొహంలో కళ లేదు. పొద్దున దిండు గలేబు తడిగా ఉంటే దారాలమ్మ గుండె చెరువైపోయింది. తన వల్ల ఏం లోటు జరిగిందో తెలియలేదు. ఈ పక్క పుల్ల తీసి ఆ పక్క పెట్టనివ్వలేదు కదా! గ్లాసు ఎత్తబోతే లాక్కుంది. పక్క మడవబోతే, "అయ్యో, నువ్వెందుకమ్మా, కూర్చో" అంది. పిల్ల కూర్చుంది. కూర్చునే ఉంది.

ఆదివారం ఆ బడి టీచరమ్మ వచ్చి చూసి, దారాలమ్మను పక్కకు పిలిచింది.

"మీ తప్పేం లేదండీ. కానీ పిల్ల దిగులు పడిపోయింది. రేపు మీరు ఊరు చూపించే రోజు కదా. రేపు సాయంత్రం ఆరింటికి వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే డాక్టరుగారింటికి మార్చేద్దాం. వాళ్లింట్లో ఈ ఈడు ఆడపిల్లలు ఇద్దరున్నారు."

"అలాగేనండీ," అంది దారాలమ్మ.

ఊరు చూపించడానికి శని, ఆది, సోమల్లో ఏదో ఒక రోజు ఎంచుకోమని బడివాళ్లంటే సోమవారమని రాయించింది డ్రైవరే. ఆయన వారపు సెలవు అది. తెల్లారేసరికి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లికొడుకులా తయారయ్యాడు. "ఊరు నా అరచేతిలో ఉంది. ఇరవై రెండేళ్ల సర్వీసు. నా అంత ఎవడు చూపిస్తాడు?" అన్నాడు.

ముందు మ్యూజియానికి వెళ్లారు. తలుపుకి మనిషి తలంత తాళం ఉంది. మెట్ల మీద వాచ్‌మన్ వేరుశెనగలు వలుచుకుంటున్నాడు.

"సోమవారం సెలవండీ."

"ఎప్పట్నించి?" అన్నాడు డ్రైవరు, ఎవరో తనమీద కుట్ర చేసినట్టు.

"నేను పుట్టకముందు నుంచి."

గడియారం స్తంభం దగ్గరకు నడిచారు. దానికీ తాళమే. చేపల అక్వేరియానికి వెళితే అక్కడ తాళంతో పాటు బోర్డు కూడా ఉంది. దారాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఇరవై రెండేళ్లు ఈ వాకిలి ముందు నుంచే బస్సు తోలారు కదండీ? ఒక్కసారైనా కళ్లు తెరిచి తోలారా?"

"ఎప్పుడు చూసినా తెరిచే ఉండేదే! బడిపిల్లలు బారులు తీరి ఉండేవాళ్లు..." అని ఆగిపోయాడు. అప్పుడు తెలిసింది పాపం. సోమవారం ఆయన ఇంట్లో ఉంటాడు. ఇన్నేళ్లలో సోమవారం ఈ రోడ్డు మొహం చూసిన పాపాన పోలేదు. ఆయనకి సెలవైన రోజే ఊరికీ సెలవు.

దారాలమ్మకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆరింటికి టీచరమ్మ వస్తుంది. ఏం చూపించామని చెప్పాలి, మూడు తాళాలనా?

"ఫర్వాలేదు బాబాయిగారూ. తాళాలు చాలా బాగున్నాయి," అంది పిల్ల. అది ఎగతాళి కాదు. మర్యాద. అందుకే డ్రైవరు తల ఇంకా కిందికి వాలింది.

ఇంతలో తొమ్మిదో నంబరు బస్సు వచ్చి ఆగింది. స్టీరింగు దగ్గరున్న కుర్రడ్రైవరు తల బయటపెట్టాడు.

"ఏంటన్నా, సెలవు రోజు కూడా బస్సు మీద బెంగేనా? వదినగారూ, ఈయన్ని కట్టేసి ఉంచండి!"

"కట్టేస్తే స్తంభం కూడా తోలుకుపోతారు బాబూ," అంది దారాలమ్మ.

ఎక్కారు, వేరే దారి లేక. దారాలమ్మ మొగుడు ముందద్దం పక్కన నిలబడి పిల్లకి చెప్పడం మొదలుపెట్టాడు. ఈ మలుపులో వానపడితే చక్రం జారుతుంది. ఆ పచ్చగేటు ఇంటి కుక్కకి ఎర్రబస్సంటే పడదు, నీలంబస్సుని ఏమీ అనదు. ఈ స్టాపులో ఒక గుడ్డి మాస్టారు ఎక్కేవాడు, బ్రేకు చప్పుడు విని ఎవరు తోలుతున్నారో చెప్పేవాడు. పిల్ల తలాడిస్తూ విన్నది. కానీ మొహం అలాగే ఉంది.

బస్సు చివరికి డిపోలో ఆగింది. షెడ్డులో బస్సులు కడిగే పెద్దక్క ఉంది. డ్రైవరు ఉద్యోగంలో చేరినప్పటికే ఆవిడ పెద్దక్క. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నోటినిండా తిట్లు. ఇద్దరు పనివాళ్లు రాలేదని ఆరోజు నిప్పులు చెరుగుతోంది. ఎదురుగా ఖాళీ చేతులతో నిలబడ్డ పొడుగు పిల్ల కనబడింది. ఎవరు, ఏ దేశం అని అడగలేదు. తడిగుడ్డ ఒకటి విసిరింది.

"దిక్కులు చూస్తావేమే? ఇంత ఎత్తు ఎందుకిచ్చాడు దేవుడు? ఆ పైఅద్దాలు తుడువు!"

"అయ్యో పెద్దక్కా, ఇంటికొచ్చిన అతిథి..." అంటూ దారాలమ్మ గుడ్డ అందుకోబోయింది. ఆవిడకన్నా ముందే పిల్ల పట్టుకుంది. చొక్కా చేతులు పైకి మడిచింది. నిచ్చెన లేకుండానే పైఅద్దం అందుకుంది. మొదటి అద్దం, రెండోది, మూడోది. మూలల్లో మట్టి గోటితో గీకింది. ఆరో అద్దం దగ్గర ఏదో కూనిరాగం మొదలైంది. తొమ్మిదో దాని దగ్గర పెద్దక్క "ఏయ్, ఆ చార ఎవరు తుడుస్తారు, మీ అమ్మమ్మా?" అని అరిస్తే పిల్ల పకపకా నవ్వింది. నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు. షెడ్డంతా మోగింది.

దారాలమ్మ బకెట్టు బోర్లించి దానిమీద కూలబడింది. అద్దాలన్నీ అయ్యాక పిల్ల వచ్చి పక్కనే నేలమీద కూర్చుంది. చొక్కా తడిసి ముద్దయింది.

"పిన్నిగారూ, మా ఇంట్లో మేము ఏడుగురం. అందరికీ పని ఉంటుంది. ఎవరికైనా పని చెప్పలేదంటే, వారికి జ్వరం అని అర్థం. మీ ఇంట్లో నాకు నాలుగు రోజులుగా జ్వరం."

పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నానని దారాలమ్మ మురిసిపోయింది. ఇన్నాళ్లూ ఆ పిల్లని గుమ్మం అవతలే నిలబెట్టిందన్నమాట.

వాళ్లు ఇల్లు చేరేసరికి ఆరు కొట్టింది. టీచరమ్మ వాకిట్లోనే ఉంది. పిల్ల తడి బట్టలు, మోచేతుల మసి చూసి అదిరిపడింది.

"ఇదేంటండీ! ఏం చూపించారు?"

అబద్ధం చెబుదామన్నా దారాలమ్మకి చేతకాదు. "ఏం చూపించలేదండీ. అన్నీ మూసేశారు. షెడ్డులో బస్సు తుడిచింది."

"బస్సు తుడిచిందా! అతిథి చేత బస్సులు తుడిపించారా? డాక్టరుగారు గది కూడా సర్దించారు. నేను ఇప్పుడే..."

డ్రైవరు చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. పిల్ల దారాలమ్మ వైపు చూసింది. బతిమాలాలా, చెయ్యి పట్టుకు ఆపాలా, ఏం చెయ్యాలో దారాలమ్మకి తోచలేదు. తెలిసినది ఒక్కటే. అది చెప్పడానికి నోరు రావడం లేదు. పరాయి ఇంటి బిడ్డ, ఎలా అనడం? గుండె రాయి చేసుకుని, గొంతు పెంచింది.

"చూస్తూ నిలబడ్డావేమే? టీచరమ్మగారికి కుర్చీ వెయ్యి. పొయ్యి మీద టీనీళ్లు పెట్టు. ముందు ఆ మసిచేతులు కడుక్కో!"

పిల్ల ఒక్క ఉదుటున లోపలికి పరిగెత్తింది. కుర్చీ వచ్చింది. కుళాయి చప్పుడు వినబడింది. తర్వాత వంటగదిలో డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటున్న చప్పుడు, మధ్యలో కూనిరాగం.

టీచరమ్మ చేతిలో పిల్లని డాక్టరుగారింటికి మార్చే కాగితం ఉంది. ఆ రాగం వింటూ ఆవిడ కుర్చీలో కూర్చుంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"నాకు పంచదార తక్కువమ్మా," అని లోపలికి కేకేసింది.

"పంచదార ఎక్కడ ఉంది పిన్నిగారూ?"

"కళ్లముందే ఉంటుంది, వెతుక్కోవే!" అంది దారాలమ్మ.

లేచి చూపించబోయిన డ్రైవర్ని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.