కార్డు వయసు, కాలి వయసు

"రేపు బడికాడికి బోను వత్తాది! ఆడోళ్లందరూ బేగి రావాల!" అని సోంబరు డప్పు కొట్టి చాటాడు. నర్సు కృపావతి అతనికి చెప్పింది బోన్ టెస్టు. అతని చెవిలో పడింది బోను. ఎలుగుబంటిని పట్టడానికే కాబోలనుకుని, 2005 జనవరి చలిలో, సగం ఊరు కర్రలు పట్టుకుని దిగింది. తీరా చూస్తే బడి వరండాలో ఎలుగూ లేదు, బోనూ లేదు. విశాఖ నుంచి వచ్చిన డాక్టర్ దేవీప్రసాద్ ఉన్నాడు, ఆయన ముందు బల్ల మీద బియ్యం డబ్బా అంత పెట్టె ఉంది.

"ఇది కరవదే! మడమ ఇందులో పెడితే ఎముక గట్టిదో గుల్లదో సెప్తాది" అని ఒక్కొక్కరికీ చెప్పేసరికి కృపావతి గొంతే గుల్లయింది.

ఆమె పని వయసు రాయడం. ఏజెన్సీ అన్న మాటలో ఏజ్ ఉంది గానీ, ఏజెన్సీలో ఎవరి ఏజూ ఎవరికీ తెలియదు. అందుకని రేషన్ కార్డులో ఉన్నది చూసి రాసేస్తోంది. ఇరవై మూడేళ్ల సర్వీసులో కొండలెక్కి దిగిన మోకాళ్లు ఆమెవి. ప్రశ్నలడిగే ఓపిక ఎప్పుడో అరిగిపోయింది.

వరసలో ముప్పై ఎనిమిదో మనిషి సోంబరు పెళ్లాం కనక. ఏడాదిగా నడుం వంగిపోయింది. కాఫీ పళ్ల బుట్ట ఎత్తితే కళ్లమ్మట నీళ్లు. పెట్టె ఎర్రగీత చూపిస్తే విశాఖలో పెద్ద స్కానింగ్‌కి చీటీ ఇస్తారని విని, ఆ చీటీ మీదే ఆశ పెట్టుకుని వచ్చింది.

కాగితం బయటికొచ్చింది. గీత పచ్చగా ఉంది.

"వయసుకు తగ్గట్టే ఉన్నాయమ్మా. కంగారేం లేదు" అన్నాడు డాక్టరు.

"కంగారు నాకు లేదు బాబూ, నా నడుంకుంది."

రెండు చేతులూ మోకాళ్ల మీద ఆన్చి కనక లేచింది. కృపావతి రిజిస్టరు చూసుకుంది. అరవై ఆరు. కనక కడగొట్టు పిల్లకి తొమ్మిదేళ్లు. పురుడు పోసింది తనే. అంటే యాభై ఏడో ఏట కన్నదా? నవ్వొచ్చింది కానీ నవ్వే ఓపిక లేదు. కనకని పక్కకి లాగింది.

"నీ ఈడెంతే?"

"కార్డులో లేదేటి?"

"కార్డుది కాదు, నీది."

"రైలుకి సొరంగాలు పేల్సినప్పుడు మాయమ్మ సంకలో ఉన్నానంట. ఢామ్మంటే నా సెవులు మూసేదంట."

"ఆ పేలుళ్లు పంతొమ్మిది వందల అరవై మూడులో. అయితే నలభై దాటి రెండేళ్లే కదే!"

"అరవకు నర్సమ్మా! పింఛనుకని మండలాఫీసు గుమస్తా ఏళ్లు కలిపినాడు. ఈడు తీసేత్తే పింఛనూ తీసేత్తారు."

నోరు మూసుకుంటే పింఛను నిలుస్తుంది, నడుం నిలవదు. రేపు కాఫీ తోటలో జారిపడితే నలుగురు డోలీ మొయ్యాలి. ఆ వెనక కృపావతి నడవాలి. ఇప్పటికే చాలా డోలీల వెనక నడిచింది.

డాక్టరు దగ్గరికెళ్లింది. "సార్, ఈ కాగితాలు ఎవరికెళ్తాయి?"

"మా ఆసుపత్రికి."

"మండలాఫీసుకి?"

"వాళ్లకి మడమలతో ఏం పని సిస్టర్?"

"అయితే పెట్టెలో కనక వయసు నలభై రెండని వెయ్యండి."

ఆయన వేశాడు. ఈసారి గీత ఎర్రగా వచ్చింది. డాక్టరు ఆ కాగితాన్ని పాతదాని పక్కన పెట్టి చూశాడు. తర్వాత చీటీ రాశాడు. "సోమవారం మా వ్యాన్‌లో రండి. ఇంత చిన్న వయసులో ఎముకలు ఎందుకు పలచబడ్డాయో పెద్ద స్కానింగ్‌లో చూడాలి. అందాకా మోపులెత్తకూడదు."

"మోపు మరెవరెత్తుతారు?" అంది కనక, మొగుణ్ణి చూస్తూ. సోంబరు డప్పు వైపు చూసుకున్నాడు.

"సిస్టర్, మిగతా వాళ్ల వయసులు?" అన్నాడు డాక్టరు.

కృపావతి పేజీ తిప్పింది. అరవై ఆరు, అరవై ఏడు, అరవై ఆరు... ఊళ్లో ఆడవాళ్లందరూ ఒకే గుమస్తా చేతిలో పుట్టారు. రిజిస్టరు మూసి, గోడ పట్టుకుని మెట్టు మీద నిలబడింది.

"ఇనండే! కార్డు ఈడు మండలాఫీసుకి. దాన్ని ఇక్కడెవరూ ముట్టుకోరు. ఈ పెట్టెకి మాత్రం అసలీడు సెప్పాల. ఇది మీ ఎముకని మీ ఈడోళ్ల ఎముకతో పోల్చి సూత్తాది. ముసలిదని రాత్తే ముసలోళ్ల పక్కన నిలబెట్టి, బాగున్నావు పొమ్మంటాది. పొద్దుట్నుంచీ అందరికీ అలాగే సెప్పింది. తప్పు పెట్టెది కాదు, మీదీ కాదు. అడక్కుండా రాసేసింది నాను. కాళ్లు కడుక్కుని అందరూ మళ్లీ వరసలోకి రండి."