గోడలో లేని లీకు

ఊరందరి గొట్టాల గుట్టు తెలిసిన ప్లంబరు సొంతింటి గొట్టం దగ్గర నీరుగారిపోయాడు. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అతన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"ఏమయ్యా, నెలరోజులుగా రాత్రంతా పైన నీళ్ళ చప్పుడే. ఊరి లీకులన్నీ నువ్వు కడతావు. నీ లీకు ఎవరు కట్టాలి?"

"గోడలో గొట్టం పాతదండీ. రేపటికల్లా పట్టేస్తా."

పట్టే పద్ధతి తెలిసిందే. పడుకునే ముందు కుళాయిలన్నీ బిగించి, నీళ్ళ మీటరు అంకె రాసుకోవాలి. తెల్లారేసరికి అది కదిలితే గోడలో లీకున్నట్టే. అంకెలు అలికేసినట్టు కనిపిస్తే భార్య చేత చదివించి, సుద్దతో గోడ మీద రాశాడు. "కుళాయి ముట్టుకోకు" అని హుకుం కూడా జారీ చేశాడు.

తెల్లారింది. అంకె కదిలింది. పిడచకట్టిన నోట్లో చెంబెడు నీళ్ళు పోసుకుని, జారే ప్యాంటు పైకి లాక్కుని, సుత్తి అందుకున్నాడు.

"నేను చెప్పలా? గోడలోనే ఉంది."

"గోడ జోలికి పోకండి. ఇటు రండి" అంది భార్య.

బాత్రూం పక్క తీగ మీద బట్టలు లేవు. క్లిప్పులు మాత్రం పిట్టల్లా వరసగా కూర్చున్నాయి.

"ఇది నా మీటరు. రాత్రి మీరు లేచినప్పుడల్లా ఒకటి పెట్టాను. బాత్రూంకి పోవడం, కుళాయి తిప్పడం, నీళ్ళు తాగడం, మళ్ళీ లేవడం."

"ఒక్కసారే లేచాననుకున్నానే."

"నీరు పల్లమెరుగు, నిజం క్లిప్పులెరుగు."

అతను నీళ్ళు నమిలాడు. "ఎండలు కదా, దాహం..."

"ఎండలకి బెల్టుకు కొత్త బెజ్జం పడుతుందా? కాలి మీద పుండు మానకుండా ఉంటుందా? మా నాన్నకీ ఇలాగే మొదలైంది, షుగరు. రేపు చూద్దాం, రేపు చూద్దాం అంటూ పాదం పోగొట్టుకున్నాడు."

ప్లంబరు నోటి దాకా ఆ 'రేపు చూద్దాం' మాటే వచ్చింది. నిచ్చెనెక్కి బతికే తన పాదం కేసి చూసుకున్నాడు. చుక్కే కదా అని వదిలేస్తే గోడంతా నానుతుందని ఎంతమందిని తిట్టాడో. సుత్తి కింద పెట్టి చెప్పులేసుకున్నాడు.

మెట్ల దగ్గర ఓనరు అడిగాడు. "దొరికిందా లీకు?"

"దొరికిందండీ. గోడ గట్టిదే. నేనే పాతబడ్డాను. రక్తపరీక్షకి వెళ్తున్నాం."

రక్తంలో చక్కెర బాగా ఎక్కువగా ఉందనీ, ఒళ్ళు దాన్ని నీళ్ళతో కలిపి బయటికి తోసేస్తోందనీ, అందుకే అంత దాహమనీ డాక్టరమ్మ చెప్పింది. పుండుకి కట్టు కట్టి, మందులు రాసి, సమయానికే వచ్చారంది.

మందులు పడ్డాక తీగ మీద పిట్టలు తగ్గుతూ వచ్చాయి. ఓ పొద్దున ఒక్కటే మిగిలింది.

"రాత్రి నేను అసలు లేవలేదే. ఇదెవరిది?"

"నాది. మీరింకా లేవలేదేంటా అని చూడ్డానికి లేచాను."