బోర్డుల వెనక డెస్

నార్మన్ స్పీకర్ పెట్టెకు పిక్క ఆనించి నిలబడి బేస్ గిటార్ లావు తీగ మీటాడు. అదురు పిక్కలోంచి తొడలోకి పాకింది. బాగానే ఉంది. ఇక డ్రమ్స్ దగ్గర డెస్ గడ్డం కనిపిస్తే చాలు.

కనిపించలేదు.

డ్రమ్స్ చుట్టూ మనిషెత్తున చెక్కబోర్డులు నిలబెట్టి, దళసరి దుప్పట్లు కప్పారు.

"అవెందుకు?"

పాటగాడు రాడ్నీ గిటార్ తగిలించుకుంటూ ఏదో అన్నాడు. నార్మన్ అతని పెదవులు చూశాడు. సాయంత్రం ఈ ప్రెస్టన్ హాల్లో జరిగే కచేరీని రికార్డుగా తెస్తారు కదా, డ్రమ్స్ మోత మిగతా మైకుల్లోకి పోకూడదట.

ముగ్గురే బృందం. జనవరి మంచులో వ్యాన్ తోసుకుంటూ మొదలైన ఏడాది ఇది. వేసవంతా పబ్బుల్లో వాయించారు. ఆగస్టులో నార్మన్ కుడిచెవి వినడం మానేసింది. నవంబరు మంటల పండక్కి ఎడమదీ పోయి, బాణసంచా ఒట్టి వెలుగుగానే మిగిలింది. ఆ రోజే డెస్ కనిపెట్టాడు. అప్పట్నుంచి పాట ఎత్తుకునేటప్పుడు గడ్డం పైకెత్తుతాడు, ఆపేటప్పుడు దించుతాడు. దాంతోనే నార్మన్ నెట్టుకొస్తున్నాడు. రాడ్నీకి తెలిస్తే ఈ రికార్డు మీద ఇంకొకరి పేరుంటుంది.

డెస్ బోర్డు పక్కనుంచి తల బయటపెట్టాడు.

"ఏంట్రా ఆ మొహం? ఇప్పుడు సరిచూసుకోడానికి ఒక్క పాటేగా. కళ్ళు మూసుకుని వాయించెయ్, నీ వేళ్ళకి తెలుసు."

నవ్వాడు గాని, కళ్ళు నవ్వలేదు. తల మాయమైంది.

రాడ్నీ చేయి ఊపాడు. నార్మన్ స్పీకర్ పెట్టెవైపు తిరిగి అందుకున్నాడు. మొదటి చరణం. రెండోది. మెడ మీద చెమట కాలువ కట్టింది. లోపల్లోపల తాళం వేసుకుంటూ చివరిదాకా లాక్కొచ్చి, ఆఖరి స్వరం వదిలి తలెత్తాడు.

రాడ్నీ చేతులు కిందికి వేలాడుతున్నాయి. రికార్డింగ్ మనిషి హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకున్నాడు. డెస్ బోర్డుల పైనుంచి చూస్తున్నాడు, కర్రలు చంకలో పెట్టుకుని.

"ఎప్పుడు ఆపారు?" అన్నాడు నార్మన్.

"మొదటి చరణంలోనే. నేనే ఆపమన్నా." రాడ్నీ పెదవులు విప్పి నెమ్మదిగా పలికాడు. "వ్యాన్లో పిలిస్తే పలకవు, ఎదురుగా ఉంటేనే మాట్లాడతావు. చూద్దామనుకున్నా. ఒక్క దెబ్బ తప్పలేదురా. కానీ జనం ముందు నేను మధ్యలో ఆపితే?" డెస్ వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

డెస్ నోరు తెరిచాడు.

"వాడినేం అడక్కు. వాడికి తెలీదు," అన్నాడు నార్మన్. డెస్ కళ్ళలోకి అలాగే చూశాడు, అతను నోరు మూసేదాకా. "సాయంత్రం మనకన్నా ముందు వాయించే బృందంలో ఆర్నాల్డ్ ఉన్నాడుగా. మన పాటలన్నీ వచ్చు వాడికి. కాస్త తొందరపడతాడు. నువ్వే పట్టి ఉంచాలి, డెస్."

గిటార్‌ను దాని పెట్టెలో పెట్టి గొళ్ళెం వేశాడు. కోటు తొడుక్కుని పక్కవాకిలి వైపు నడిచాడు. బయట వాన. వెనకనుంచి డెస్ రెండుసార్లు పేరు పెట్టి అరిచాడు.

నార్మన్ తిరగలేదు. తలుపు మూసుకుంది.

వేదిక మీద అతను గిటార్ నుంచి పీకిన నల్లవైరు పడి ఉంది. రెండో కొస ఇంకా స్పీకర్ పెట్టెకు తగిలించే ఉండటంతో, హాలంతా సన్నగా, ఆగకుండా గుయ్‌మంటోంది.