గీతల బాట

మా వీధిలో మంచివాళ్ళకు కొదవ లేదు. నా గొడవంతా వాళ్ళతోనే.

పొద్దున్నే తలుపుకు తాళం వేసి మెట్లు దిగానో లేదో, ఎవరో ఒకరు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంటారు. రండి టెలిఫోన్ గారూ, నేను తీసుకెళ్తా అంటారు. తామెవరో చెప్పరు, నాకు ఇష్టమో కాదో అడగరు. ఒకసారి ఒక పెద్దమనిషి నన్ను బరబరా లాక్కెళ్ళి రోడ్డు దాటించి, జాగ్రత్త నాయనా అని చెప్పి వెళ్ళిపోయాడు. అవతలివైపు నాకు పనే లేదు. మళ్ళీ ఇవతలికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నాకు చూపు లేదు. చిన్నప్పుడే పోయింది, దాని గురించిన ఏడుపు కూడా ఎప్పుడో అయిపోయింది. వీధి చివరనున్న పెద్దాసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర ఉద్యోగం నాది. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని వెళ్ళేవాణ్ణి. దారంతా ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. ఆమె పోయాక ఆసుపత్రివాళ్ళు ఎవరో ఒకరిని పంపేవారు. వచ్చినవాడికి తీరినప్పుడు నేను బయల్దేరాలి, వాడికి తీరినప్పుడు ఇల్లు చేరాలి. బట్టల మూటను ఇక్కడ ఎత్తి అక్కడ దించినట్టు ఉండేది నా బతుకు.

అలాంటి రోజుల్లో నగరపాలక సంస్థవాళ్ళు ఫుట్‌పాత్ మధ్యలో ఉబ్బెత్తు గీతలున్న పలకలు పరిచారు. పసుపు రంగట. నాకు తెలిసిందల్లా కర్ర కొనకీ చెప్పు అడుక్కీ తగిలే గరుకు. నిలువు గీతలు తగిలితే నడవాలి, చుక్కలు తగిలితే ఆగాలి, అక్కడ మలుపో రోడ్డో ఉందన్నమాట. అడుగులు లెక్కపెట్టుకుంటారా అని అందరూ అడుగుతారు. నేనేమన్నా భూములు కొలిచే ఉద్యోగం చేస్తున్నానా? గీతల్ని పట్టుకుని పోతే ఆసుపత్రి గేటు దానంతటదే వస్తుంది.

మొదటిసారి ఒక్కణ్ణే వెళ్ళి ఒక్కణ్ణే తిరిగొచ్చిన రోజున, తలుపు తీస్తూనే "వచ్చేశానే!" అని గట్టిగా అన్నాను. ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా చాలాసేపు కుర్చీలో కూర్చుండిపోయాను. కష్టం వస్తే పలకరించడానికి వీధి వీధంతా వస్తుంది. ఈ సంతోషాన్ని ఎవరికి చెప్పుకోవాలో నాకు తెలియలేదు.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. తర్వాత గీతల మీదికి ఒక్కొక్కటే ఎక్కడం మొదలైంది. ముందు పళ్ళ కొట్టాయన బుట్టలు, ఆ తర్వాత మందుల షాపావిడ బోర్డు. వాటి ధైర్యంతో స్కూటర్లు, మోటారు సైకిళ్ళు. మర్యాదగా చెప్పాను, నవ్వుతూ చెప్పాను, గొంతు పెంచి కూడా చెప్పాను. గోడకు చెప్పుకున్నట్టే అయింది. గోడే నయం, అయ్యో ఎంతమాట అంటూ కుర్చీ వేసి కూర్చోబెట్టదు.

పళ్ళ కొట్టాయనది వెన్నలాంటి మనసు. నేను ఒక్క కేక వేస్తే క్షణంలో తీసేస్తానన్నాడు.

"మీకు కాకపోతే ఇంకెవరికి తీస్తానండీ?" అన్నాడు.

"నా కోసం కాదయ్యా. నేను లేనప్పుడు కూడా అక్కడ ఏమీ పెట్టొద్దంటున్నా."

"మీరు లేనప్పుడు ఎందుకండీ?"

వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆసుపత్రిలో కంటి విభాగం ఉందనీ, చూపు ఆననివాళ్ళు రోజూ ఈ దారినే వస్తారనీ చెప్పాను. వాళ్ళ వెంట ఎవరో ఒకరు ఉంటారుగా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా మనిషి కనిపిస్తే చెయ్యి అందించడం ఎంతసేపు? చేసినవాడికీ బాగుంటుంది, చూసినవాళ్ళూ మెచ్చుకుంటారు. ఎప్పుడో వచ్చే, ఎవరో తెలియని మనిషి కోసం బండిని నాలుగు అడుగులు అవతల పెడితే ఎవరూ మెచ్చుకోరు. ఒక ఊరు బాగుపడిందో లేదో ఆ నాలుగు అడుగుల్లోనే తెలుస్తుందని నా నమ్మకం. ఈ మాట ఆసుపత్రి క్యాంటీన్‌లో అంటే అందరూ అవునవును అన్నారు. అన్నవాళ్ళలో ఇద్దరి స్కూటర్లు గీతల మీదే ఉన్నాయని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు.

ఒక ఉదయం పడనే పడ్డాను. పళ్ళ కొట్టు దగ్గర కర్రకు ఏదో తగిలి పక్కకు జారింది. నేను ఆగేలోపే మోకాలు వేడి ఇంజనుకు కొట్టుకుంది, హ్యాండిల్ కడుపులో పొడుచుకుంది. బండితో సహా కింద పడ్డాను. మణికట్టు విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

క్షణంలో వీధంతా చుట్టూ చేరింది. పళ్ళ కొట్టాయన నా తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. మందుల షాపావిడ పరుగున వచ్చి కట్టు కట్టింది. ఈ బండి ఎవరిది అని అడిగాను. పక్కనే ఎవరో బండిని లేపుతున్న చప్పుడు, ఆ తర్వాత ఇంజను వేయకుండా చక్రాల మీద తోసుకుంటూ పోతున్న చప్పుడు వినిపించాయి. మళ్ళీ అడిగాను.

"ఇక్కడ బండేమీ లేదండీ" అంది ఒక గొంతు.

నన్ను ఆసుపత్రికి చేర్చేలోపే కథ స్థిరపడిపోయింది. పాపం, ఆ ఉబ్బు గీతలు కాలికి తగిలి పడ్డాడట. కాదు మొర్రో అని డాక్టరుకు చెప్పాను, నర్సుకు చెప్పాను, చూడటానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. దెబ్బ తగిలిన కంగారులో అలాగే అనిపిస్తుంది అన్నయ్యగారూ అని మందుల షాపావిడ నా నుదురు నిమిరింది. అంత ప్రేమగా నిమురుతుంటే మనిషి ఇంకేం పోట్లాడతాడు?

కబురు అంది మా చెల్లెలు వచ్చేసింది. మా ఆవిడ పోయినప్పటి నుంచీ వాళ్ళింటికి వచ్చేయమని పోరుతూనే ఉంది. బావగారు కూడా మంచివాడే. వెనకవైపు గది ఖాళీగా ఉంది, ఫ్యాను వేయించారు. తిన్నావా, పడుకున్నావా అని అడిగే మనుషులుంటారు. అక్కడ నేను చేయాల్సింది మాత్రం ఏమీ ఉండదు. ఆ గదిలో కూర్చుని రేడియో వినడం మొదలుపెడితే, నన్ను తీసుకుపోయే రోజు దాకా అదే పని. నేను రానన్నాను. ఆమె ఏడ్చింది, నేను అరిచాను, ఇద్దరం ఒక పూట మాట్లాడుకోలేదు.

చివరికి ఆమే ఒక మాటకు వచ్చింది.

"అన్నయ్యా, కట్టు విప్పాక నువ్వు ఒక్కడివే ఆసుపత్రికి వెళ్ళి చూపించు. నేను గుమ్మంలో నిలబడి చూస్తా. వెళ్ళగలిగితే ఇంక నోరెత్తను. వెళ్ళలేకపోతే మాత్రం నాతో వచ్చేయాలి. మాటేనా?"

"మాటే" అన్నాను. నాకు నవ్వొచ్చింది కూడా. ఆ దారిలో నడవడం నాకొక లెక్కా? బండ్లు లేకుండా ఉంటే చాలు.

దానికి కూడా ఒక ఆశ కనిపించింది. మా వీధి సంఘం అధ్యక్షుణ్ణి అందరూ మైకాయన అంటారు. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు, బండ్లు ఎక్కకుండా ఫుట్‌పాత్ అంచున చిన్న స్తంభాలు పాతించమని ఆయన్ని అడిగాను. బ్రహ్మాండంగా చేయిస్తాం, ఇంక మీరు ఈ జన్మలో పడరు అన్నాడు. కొద్దిరోజులకే వీధిలో పని మొదలైంది. రోజంతా పలకలు కోసే మిషను రొద, సుత్తి దెబ్బలు. కిటికీ దగ్గర కూర్చుని వింటూ, ఎట్టకేలకు వీళ్ళకు నా మాట ఎక్కిందిరా అనుకున్నాను. ఏం చేస్తున్నారని ఎవరిని అడిగినా నవ్వి, మీరే చూద్దురుగాని అనేవారు. నాకు చెప్పొద్దని చెల్లెలితో కూడా గట్టిగా అన్నారట. నేను వాళ్ళ గురించి తప్పుగా అనుకున్నానేమోనని బాధపడ్డాను.

ఆసుపత్రి నుంచి మనిషి ఇంటికే వచ్చి కట్టు విప్పిన మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని కిందికి దిగాను. మెట్ల దగ్గరే జనం. పళ్ళ కొట్టాయన నా చేతిలో కత్తెర పెట్టాడు. ముందు రిబ్బన్ ఉందనీ, మీ చేత్తోనే కత్తిరించాలనీ అన్నాడు. మైకాయన చేతికి ఆవేళ నిజంగానే మైకు దొరికింది. ఒక సమాజం ఎంత ఎదిగిందో అది తన బలహీనుల్ని చూసుకునే తీరులో తెలుస్తుందన్నాడు. మన వీధి ఊరంతటికీ ఆదర్శం అన్నాడు. సాటిమనిషి కింద పడితే చూస్తూ ఊరుకోలేక అందరూ తలో చెయ్యి వేశారనీ, అందరికంటే ఎక్కువ ఇచ్చింది పళ్ళ కొట్టాయనేననీ చెప్పాడు. చప్పట్లు మోగాయి. రిబ్బన్ కత్తిరించి అడుగు ముందుకు వేశాను.

కాలి కింద ఏమీ తగల్లేదు.

కర్ర అటూ ఇటూ ఆడించాను. ఎటు జరిపినా గాజు మీద జారినట్టు జారిపోతోంది. గీత లేదు, చుక్క లేదు. వంగి చేత్తో తడిమాను. గోడ నుంచి రోడ్డు అంచు దాకా ఒకటే నునుపు.

"చూశారా, అద్దంలా ఉంది" అన్నాడు పళ్ళ కొట్టాయన సంబరంగా. "ఆ దిక్కుమాలిన గీతలన్నీ పీకించేశాం. ఇంక కాలికి తగిలేదే లేదు. ఒక్క బండి కూడా పెట్టనివ్వట్లేదండీ, మరకలు పడతాయని."

వెనక గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. నడవండి, మీకోసం అటూ ఇటూ బండ్లు కూడా ఆపించాం అని మైకాయన అన్నాడు. బండ్ల చప్పుడు ఉన్నా రోడ్డు ఎటుందో తెలిసేది. ఇప్పుడు అదీ లేదు. అందరూ ఊపిరి బిగబట్టి నా వైపే చూస్తున్నారని తెలుస్తోంది.

నడిచాను. నడవక ఏం చేయను? వీపును నిటారుగా పెట్టుకుని, దారి తెలిసినవాడిలాగే నడిచాను. కొంత దూరం పోయాక పాదం కింద నేల లేదు. అంచు మీంచి రోడ్డులోకి దిగిపోయాను. ఎక్కడ ఎక్కాలో తెలియక తిరిగాను. తిరిగాక ముందు ఏదో వెనక ఏదో కూడా తెలియలేదు. రోజూ తిరిగే వీధిలో, నన్ను ఎరిగిన ఇంతమంది మధ్యలో, నేను ఎక్కడున్నానో నాకు తెలియలేదు. అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

"గీతలు లేకపోతే నేను నడవలేనయ్యా" అన్నాను. "నాకు దారి అవే."

పళ్ళ కొట్టాయన నెమ్మదిగా, కొంచెం నొచ్చుకున్నట్టు అన్నాడు.

"మరి ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా టెలిఫోన్ గారూ."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. ఇప్పుడే వేసినవి పగలగొడితే బాగుండదనీ, వచ్చే ఏడాది చూద్దామనీ మైకాయన మైకు పక్కన పెట్టి అన్నాడు. అందాకా రోజుకొకరు వంతులవారీగా నన్ను దిగబెడతారట. పేర్లు అప్పటికప్పుడే వినబడ్డాయి, నేనంటే నేనని. చెల్లెలు రోడ్డులోకి వచ్చి నా చెయ్యి తన భుజం మీద వేసుకుంది. నన్ను ఇంట్లోకి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, బీరువా తలుపులు తెరిచింది. హ్యాంగర్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

"ఆసుపత్రికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగింది.

నేనే చెబుతానని ఫోన్ అందుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ నంబరుకు బయటి నుంచి ఎప్పుడూ చేయలేదు. రెండు మోతలు మోగాక కొత్త గొంతు ఎత్తింది. నా కుర్చీలో తాత్కాలికంగా కూర్చోబెట్టిన అమ్మాయి అయి ఉంటుంది.

"నమస్తే, చెప్పండి, ఎవరు కావాలి?"

ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాను. అవతల ఆ అమ్మాయి ఓపిగ్గా ఆగింది. మంచి ఆపరేటరే.

"ఎవరూ అక్కర్లేదమ్మా" అన్నాను. "ఆ కుర్చీ ఇంక నీదేనని చెబుదామని చేశాను."